దలా గేటు దగ్గర మేకుల చెక్క

రంగూనులో నేను కాలేజీ చదివే రోజుల్లో హత్యలకు కారణం చెప్పలేని మనిషి ఒక్కడు కనపడలేదు. పత్రికకు ఉత్తరం రాసే దొర బర్మావాళ్ళ రక్తం వేడి అనేవాడు. ట్రాములో పక్కన కూర్చున్న బర్మా పెద్దమనిషి, ఓడల మీద వచ్చి దిగే కూలీల వల్లే ఇదంతా అనేవాడు. మా వీధిలో మన తెలుగువాళ్ళు కల్లు వల్ల అనేవారు, కల్లు తాగుతూనే. మా ఆచార్యులొకాయన ఎండలే కారణమన్నారు. ఎండే కారణమైతే మా అమ్మ వంటింట్లోంచి రోజుకొక శవం లేవాలండీ అని నేను లేచి అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆయన తప్ప. ఆ ఏడు ఆ పరీక్షలో నా మార్కులు చూసి మా నాన్న కూడా నవ్వలేదు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది. అవే కారణాలు, అవే ఉత్తరాలు మళ్ళీ పత్రికల్లో చూస్తున్నాను. తుపాకులు ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి చేతిలో ఉండకూడదు అని పెద్దలు వాదించుకుంటుంటే వినకుండా ఉండలేను, మధ్యలో నోరు పెట్టకుండానూ ఉండలేను. కానీ ఈ విషయంలో నాకు తెలిసిన కాస్తా కాలేజీ ఇచ్చింది కాదు. సంతకానికి బదులు వేలిముద్ర వేసే మా పెదనాన్న ఇచ్చింది.

ఆయన మా నాన్నకు అన్న. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరినుంచి మీసాలైనా రాకముందే ఓడెక్కి వచ్చి రంగూను రేవులో బస్తాలు మోశాడు. తర్వాత తమ్ముణ్ణి పిలిపించుకుని బడిలో వేశాడు. ఆ తమ్ముడు చౌక్తడాలో కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా అయ్యాడు. నన్ను కాలేజీలో చేర్పించాలన్న పట్టు కూడా పెదనాన్నదే. ఆడపిల్లకు అంత చదువెందుకని మా నాన్న నసిగితే, "దానికి నోరు అంతుంది గదరా! ఇంట్లో ఒగ్గేస్తే మనల్ని తినేస్తాది. ఎల్లి కాలేజీవోళ్ళని తిననీ" అన్నాడు.

మోకాళ్ళు పట్టేశాక బస్తాలు మోయలేక, నదికి అవతల దలాలో ఒక బియ్యం మిల్లుకు దర్వానుగా చేరాడు. గేటు పక్కన చిన్న చెక్కిల్లు ఇచ్చారు. అందులో ఆయనా, మా పెద్దమ్మా ఉండేవారు. పెద్దమ్మ దలాలో పుట్టిన బర్మా మనిషి. తలలో పువ్వు లేకుండా ఎప్పుడూ చూడలేదు. ఆమె తెలుగు నేర్చుకున్నది పెదనాన్న దగ్గర, ఆయన నేర్చుకున్నది రేవులో. అందువల్ల అంత సుకుమారమైన మనిషి నోరు తెరిస్తే బస్తాలు మోసేవాడు మాట్లాడినట్టుండేది. మా అమ్మను "ఏరా, అన్నం తిన్నావేటిరా?" అని పలకరించేది. అమ్మ మొదట్లో బిక్కచచ్చిపోయేది. తర్వాత తర్వాత, ఆ "ఏరా" వినపడని ఆదివారం అమ్మకు తోచేది కాదు.

దర్వాను పనితోపాటు మిల్లు దొర ఆయన చేతికి రెండు గొట్టాల తుపాకీ ఒకటి ఇచ్చాడు. లైసెన్సు మిల్లు పేరున, మోసే మనిషిగా పెదనాన్న పేరున. గేటు దగ్గర బల్ల మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు, మనవణ్ణి ఆడిస్తున్న తాతలాగా.

కానీ ఆ చెక్కింట్లో అసలు చూడవలసింది తుపాకీ కాదు. లోపలి గోడకు బారెడు చెక్క ఒకటి కొట్టి ఉండేది. దాని నిండా మేకులు. మేకు మేకుకీ ఒక కత్తి వేలాడేది, ఒక్కొక్క పిడికి ఒక్కొక్క రంగు గుడ్డపీలిక. మిల్లు వెనక బారకాసులో నలభైమంది కూలీలు పడుకునేవారు. మనవాళ్ళు, ఒరియావాళ్ళు, కొందరు బర్మావాళ్ళు. గోనెసంచి తాళ్ళు కోయడానికనో, చేపకనో, ఊరికే మొలలో ఉంటే బావుంటుందనో అందరి దగ్గరా కత్తి ఉండేది. సాయంత్రం పని దిగి గేటు దాటి లోపలికి పోయే ప్రతివాడూ కత్తి పెదనాన్నకు ఇచ్చి పోవాలి, పొద్దున తీసుకోవాలి. ఇది దొర పెట్టిన నియమం కాదు, ఏ చట్టంలోనూ లేదు. పెదనాన్న పెట్టాడు, నడిచింది.

మధ్యలో ఎవడైనా వచ్చి "నా కత్తి ఇచ్చీ మావా" అంటే ఇవ్వననేవాడు కాదు. "ఇస్తానురా. నీదే గదా. కూకో, అన్నం ఉడకనీ. తినేసి అట్టుకుపో" అనేవాడు. పెద్దమ్మ అప్పుడు పొయ్యి ముట్టించేది. బియ్యం కడిగేది, ఎసరు పెట్టేది, తడికట్టెలు ఊదేది. వచ్చినవాడు కూర్చుని ఆ పొగలో కళ్ళు నులుముకుంటూ ఎవడు తన చాప జరిపాడో, ఎవడు తన తల్లిని తిట్టాడో చెప్పుకునేవాడు. అన్నం ఉడికేది, తినేవాడు. కత్తి మాట మరిచిపోయేవాడో, మరిచిపోయినట్టు నటించేవాడో, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. ఇవన్నీ నేను స్కూల్లో ఉన్నప్పటినుంచి చూసినవే. చూసి, పల్లెటూరి మనుషుల చాదస్తం అనుకున్నాను.

నేను రెండో సంవత్సరంలో ఉండగా, దసరాకు ముందు మా కాలేజీలో వాదన పోటీ పెట్టారు. ప్రైవేటు మనుషుల చేతుల్లో తుపాకులు ఉండకూడదన్నది విషయం. నేను ఉండకూడదన్న పక్షం. అవతలిపక్షం టేకు వర్తకుడి కొడుకు, తలకు నూనె మాటలకు తేనె రాసుకుని వచ్చాడు. దోపిడీగాళ్ళు ఎలాగూ తుపాకీ సంపాదిస్తారు, మర్యాదస్థుల చేతుల్లోంచి ఎందుకు లాక్కోవాలి అన్నాడు. దోపిడీగాడు తుపాకీ దుకాణానికి వెళ్ళడు నాయనా, లైసెన్సు తుపాకీ ఉన్న మీలాంటి మర్యాదస్థుల ఇంటికే వస్తాడు, మీ ఇంటి తుపాకీయే రేపు ఇంకో ఇంటి మీదికి పోతుంది అన్నాను. గెలిచాను.

ఆదివారం పెదనాన్న వస్తే ఆ ఉపన్యాసమంతా మళ్ళీ ఇచ్చాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే నా తుపాకీ కూడా నాగేసుకుంతావేటమ్మీ?"

"ముందు నీదే, పెదనాన్నా."

తొడ చరిచి నవ్వాడు. "సూసినావేట్రా తమ్ముడూ! సొంత పెదనాన్నని కూడా ఒగ్గదు. మరి కత్తుల మాటేటి? మీ కాలేజీలో కత్తుల ఊసు ఎవులూ ఎత్తనేదా?"

"విషయం తుపాకుల గురించి."

"తుపాకీ ఒకటే. అది గేటు బయటికి సూస్తాది. కత్తులు నలభై, అన్నీ నోపలే ఉన్నాయి."

విషయం నుంచి పక్కకు పోతున్నావని ఆయన్ను మందలించాను. పంతొమ్మిదేళ్ళ వయసులో ఎంత తెలివి!

మహర్నవమి నాడు మా ఇంట్లో పనిముట్ల పూజ. మా నాన్న కలం, సిరాబుడ్డి, అమ్మ కత్తిపీట, నా పుస్తకాలు దేవి పటం ముందు పెట్టేవాళ్ళం. రేవులో ఉన్నన్నాళ్ళూ పెదనాన్న బస్తాలు లాగే ఇనుప కొక్కెం తెచ్చి పెట్టేవాడు. దర్వాను అయ్యాక ఆయన పనిముట్టు తుపాకీ. కొక్కెం వచ్చినట్టే తుపాకీ కూడా వచ్చేది, చాపలో చుట్టుకుని, సంపాను పడవలో నది దాటి. మా అమ్మ దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసేది. మూడేళ్ళు అలాగే వచ్చింది, అలాగే పోయింది. మిల్లులోనే పూజ చేసుకోవచ్చు కదా అంటే "దీపం ఎలిగించినకాడికే గదా ఆయుధం రావాల. దీపం మా మరదలు ఎలిగిస్తాది" అనేవాడు.

ఆ ఏడు నదిలో ఒక బియ్యం పడవను దోచుకున్నారు. దాంతో ఇవతలి రేవులో పోలీసులు మూటలు తడుముతున్నారు. చాపలో ఏముందని అడిగితే పెదనాన్న గర్వంగా విప్పి చూపించాడు. "తుపాకీ బాబూ! పూజకి."

మా ఇంటికి పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. చేతిలో బంతిపూల దండ, చంకలో లైసెన్సు ఉన్న రేకు డబ్బా.

"ఒరే, మీ అన్నని అట్టుకుపోయినారురా," అంది మా నాన్నతో. "ఇన్సేన్ జైల్లో ఎట్టేస్తారంట. మంచోడురా ఆడు."

కోర్టులో రోజూ అలాంటి కేసుల నకళ్ళు రాసే మా నాన్న, తనింటికి వచ్చేసరికి కుర్చీలో కూలబడ్డాడు. డబ్బా తెరిచి లైసెన్సు కాగితం తీసి చదివి, వెనక్కి తిప్పాడు. వెనక చిన్న అక్షరాల్లో షరతులు. ఈ ఆయుధాన్ని మిల్లు ఆవరణ దాటించి తీసుకుపోరాదు అని మూడో షరతు.

"ఇది అన్నయ్యకు ఎవరూ చదివి చెప్పలేదా?" అన్నాడు.

చదివి చెప్పింది నేనే. లైసెన్సు వచ్చిన కొత్తలో, నేను స్కూల్లో ఉండగా, పెదనాన్న దాన్ని నా చేతికిచ్చి "ఏటుందో సదువమ్మీ" అన్నాడు. ముందువైపు గడగడా చదివాను. వెనక్కి తిప్పి ఆ చీమల బారు చూసి, బయట స్నేహితురాలు పిలుస్తుంటే, "వెనకేం లేదు పెదనాన్నా, మామూలే" అన్నాను. నా ఇంగ్లీషు మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, నేను లేదన్నది ఆ కాగితం మీద ఎక్కడా లేనట్టే.

ఆ సంగతి అందరి ముందూ చెప్పాను. చెప్పకుండా ఉంటే బావుండునని లోపల ఎంత అనిపించిందో నాకే తెలుసు.

మర్నాడు పెదనాన్నను జామీను మీద వదిలారు. తుపాకీ స్టేషనులోనే ఉంచారు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని, నేరం రుజువైతే గేటు పక్క ఇల్లు ఖాళీ చేయాలని మిల్లు దొర కబురు పెట్టాడు. పెద్దమ్మ మాత్రం ఆ ఇల్లు కదలనంది. పెదనాన్న మా ఇంట్లో కూర్చుని మోకాళ్ళు రాసుకుంటుంటే, కోర్టులో ఇవ్వవలసిన వాంగ్మూలం రాయడానికి నేను కాగితం తీశాను. వెనకవైపు నేను చదవలేదన్న సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను.

"అది కొట్టీ," అన్నాడు.

"నిజం కదా."

"నిజమైతే మటుకు? సదూకున్న గుంట పేరు పోలీసు కాయితంలో ఎక్కాలా? ఎవులూ సదవనేదని రాయి. నాను మొద్దుని, నాకు తెల్దు. అయిపోయింది."

"నువ్వు మొద్దువని నా చేత్తో రాయను."

"ఓరి దీని అసాధ్యం కూలా! జైలుకెల్లేది నానా, నువ్వా?"

"వెళ్ళవలసింది నేను!"

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఇద్దరూ ఎల్లండి. నాను ఇల్లు కడుక్కుంతాను," అంది. చివరకు మా నాన్న తన కోర్టు చేతివ్రాతలో తనే ఏదో రాశాడు. అందులో నేను లేను.

దలాలో పెదనాన్న బల్ల మీద దొర కొత్త మనిషిని కూర్చోబెట్టాడు. పెద్ద మీసాల మనిషి. దొర తన బంగళాలోని మరో తుపాకీ అతని చేతికిచ్చాడు. అతను గేటు బయటికి చూస్తూ బిగుసుకుని కూర్చునేవాడు. లోపలి చెక్క సంగతి అతనికి తెలియదు. పెద్దమ్మ సాయంత్రం గేటు దగ్గర నిలబడి కత్తులు అడిగితే సగంమంది ఇచ్చారు, సగంమంది రేపిస్తామన్నారు. పది రోజులు తిరక్కుండా బారకాసులో కిటికీ కింద గాలి వచ్చే చోటు కోసం ఇద్దరు తెలుగువాళ్ళు కొట్టుకున్నారు. ఒకడి చెయ్యి మోచేతినుంచి మణికట్టుదాకా చీలింది. కత్తి దూసినవాడు దొంగ కాదు, తాగి కూడా లేడు. ఇంటికి ఉత్తరం రాయించుకోవడానికి ఆదివారాలు నా దగ్గరికి వచ్చే మనిషి. చెల్లెలికి పురుడొచ్చిందా అని రాయించేవాడు. చాప ఎవడో జరిపాడు, కత్తి మొలలోనే ఉంది. మధ్యన అన్నం ఉడకలేదు, అంతే.

ఆ కబురు తెలిసి పెదనాన్న దలా వైపు తిరిగి కూర్చున్నాడు. "ఆ గుంటడి గుడ్డపీలిక ఎర్రది. ఆడి కత్తి నాలుగో మేకు" అన్నాడొకసారి, ఎవరితోనూ కాకుండా.

విచారణ చౌక్తడా కోర్టులో. మేజిస్ట్రేటు బర్మా ఆయన, కళ్ళజోడు ముక్కు చివరకు జారి ఉండేది. తుపాకీ బల్ల మీద ఉంది, కిందటేటి పసుపు ఇంకా పిడి మీద ఉంది. పోలీసు అధికారి లేచి, తుపాకీని పరీక్ష చేయించామని, రెండు గొట్టాల్లోనూ కుమ్మరిపురుగులు మట్టిగూళ్ళు కట్టి ఉన్నాయని, అది పేలే స్థితిలో లేదని చెప్పాడు. కోర్టంతా నవ్వింది. పెదనాన్న మొహం కందగడ్డ అయింది. జైలుకు భయపడని మనిషి ఆ మట్టిగూళ్ళకు సిగ్గుపడ్డాడు.

"దీన్ని ఎప్పుడైనా పేల్చావా?" అని దుబాసీ ద్వారా అడిగారు మేజిస్ట్రేటు.

"నేదు బాబూ."

"షరతులు ఎవరైనా చదివి వినిపించారా?"

"ఎవులూ సదవనేదు బాబూ."

నేను వెనక బల్ల మీదినుంచి లేచాను. మా నాన్న నా పైటచెంగు పట్టుకుని లాగుతున్నాడు, అయినా లేచాను. "నేను చదివానండీ," అన్నాను ఇంగ్లీషులో. "ముందువైపు మాత్రమే చదివాను. వెనక ఏమీ లేదని చెప్పాను. ఆయన నన్ను నమ్మాడు. తప్పు నాది."

మేజిస్ట్రేటు కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు. "ఏం చదువుతున్నావమ్మా?"

"కాలేజీలో, రెండో సంవత్సరం."

"ఇప్పుడు వెనకవైపు చదువుతున్నావా?"

మళ్ళీ నవ్వులు. నా మొహం కూడా పెదనాన్న మొహంలాగే అయి ఉంటుంది.

"సరే, పేలని తుపాకీతో ఇన్నేళ్ళు మిల్లు ఎలా కాపలా కాశావు?" అని ఆయన పెదనాన్నను అడిగారు. పెదనాన్న నోరు తెరిచేలోగా పెద్దమ్మ లేచింది. బర్మా భాషలో, దుబాసీ అవసరం లేకుండా, చెక్క సంగతి, మేకుల సంగతి, గుడ్డపీలికల సంగతి, ఎసరు పెట్టే సంగతి చెప్పింది. పది రోజులకే కిటికీ కింద జరిగిందీ చెప్పింది. బర్మా మాటల్లో ఆమె అంత మెత్తగా, అంత గౌరవంగా మాట్లాడుతుందని నాకు ఆ రోజుదాకా తెలియదు. పెద్దమ్మను అప్పా అని పిలిచే మా అమ్మ నా చెవిలో, "ఈమె మన అప్పేనా?" అంది.

మేజిస్ట్రేటు కాసేపు కలం పక్కన పెట్టారు. "ఈ కుటుంబంలో ఇంకెవరైనా ఆడవాళ్ళు మాట్లాడవలసింది ఉందా?" అన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంటికి వచ్చాక, అన్నం ఉడికే మంట పెద్దది పెట్టకూడదని చెప్పాలనుకున్నానంది.

తీర్పు చిన్నది. తుపాకీ జప్తు, లైసెన్సు రద్దు, మనిషిని మందలించి వదిలేశారు. ఉత్తర్వు చివర ఆయన ఒక వాక్యం రాశారు, మా నాన్నే తర్వాత దానికి నకలు తీశాడు. ముద్దాయి లైసెన్సు లేకుండా నడిపిన ఆయుధాల చట్టం లైసెన్సుతో నడిచిన దానికంటె మెరుగ్గా పనిచేసినట్టు కనపడుతోందని. ఆ నకలు పట్టుకుని మా నాన్న మొదటిసారిగా దొర ముందు నిలబడ్డాడు. కిటికీ కింద చీలిన చెయ్యి దొరకూ గుర్తుంది. పెదనాన్నను మళ్ళీ తీసుకున్నాడు, తుపాకీ మాత్రం ఇవ్వలేదు.

కోర్టు మెట్ల మీద పెదనాన్న నా నెత్తి మీద మొట్టాడు. గట్టిగానే. "గెలిసినావుగా! ముందు నాదే నాగేసినావు."

నేను ఆ పోటీలో అన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. తుపాకీ ఇంట్లో ఉండకూడదు. కానీ నా ఉపన్యాసంలో నలభై కత్తులు లేవు, కిటికీ కింది చోటు లేదు. వాటి గురించి నాకు ఉపన్యాసం ఇవ్వడం రాదు, పొయ్యి ఊదడమూ సరిగ్గా రాదు.

మరుసటి మహర్నవమికి పెదనాన్న మళ్ళీ చాపచుట్టతో వచ్చాడు. రేవులో అదే పోలీసు ఆపాడట. మళ్ళీ గర్వంగా విప్పి చూపించాడట. ఇంట్లో దేవి ముందు చాప విప్పితే పెద్దమ్మ అన్నం వండే కుండ, అడుగంతా మసి.

"బావగారూ! కొత్త పీట మీద మసా!" అంది అమ్మ.

"ఆయుధం అమ్మా. ఒగ్గీ."

"తోమనేదేటి అప్పా?" అని అమ్మ పెద్దమ్మను అడిగింది.

"తోమితే పూజెందుకురా?" అంది పెద్దమ్మ.

అమ్మ ఆ మసి మీదే పసుపు పూసింది. అంతా అయ్యాక పెదనాన్న జేబులోంచి మడత కాగితం తీశాడు. ఆ ఏటికి కూడా దర్వానుగా ఉంచుకుంటున్నట్టు మిల్లువాళ్ళు ఇచ్చిన కాగితం. నేను ముందువైపు చదివాను. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

"ఎనకాతల?"

"వెనక ఖాళీ, పెదనాన్నా."

"తిప్పకుండా సెప్తన్నావేటమ్మీ?"

తిప్పాను. దీపం దగ్గరగా పట్టుకుని, ఏమీ లేని ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూశాను. ఆయన నా భుజం మీదుగా వంగి, నాతోపాటు చదివాడు.